వేల స్కాన్ ఫైళ్లకు ఎక్సెల్ గడుల నుంచి ఒకేసారి హైపర్‌లింకులు ఇవ్వడం ఎలా? కొన్ని గడుల్లో 34455 ఎక్కడి నుంచి వస్తోంది?

దస్త్రాల గది (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. వనస్థలిపురం వైపు ఉన్న ఒక గృహనిర్మాణ సహకార సంఘంలో నేను దస్త్రాల బాధ్యత చూస్తున్నాను. మా లేఅవుట్‌లో 640 ప్లాట్లు ఉన్నాయి. ఒక్కొక్క ప్లాటుకు సేల్ డీడ్, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, భారాలు చూపే ధ్రువపత్రం), పన్ను రసీదు ఇలా ఐదారు నుంచి ఎనిమిది దాకా కాగితాలు ఉండగా, వాటన్నిటినీ స్కాన్ చేయించి పీడీఎఫ్‌లుగా భద్రపరిచాము. ఇప్పుడు దాదాపు 4,300 ఫైళ్లు ఉన్నాయి. హైదరాబాదు స్థలాల వ్యవహారంలో లింకు డాక్యుమెంటు అంటే పాత యాజమాన్య పత్రం కాబట్టి, గందరగోళం రాకుండా కంప్యూటర్ లింకును హైపర్‌లింకు అనే రాస్తున్నాను.

ఎక్సెల్ షీటులో ఒక్కొక్క పత్రానికి ఒక్కొక్క వరుస ఉంది. అందులో ప్లాటు నంబరు, పత్రం రకం, 1482/1994 తరహాలో దస్తావేజు నంబరు ఉన్నాయి. ఆ నంబరు మీద నొక్కగానే సంబంధిత పీడీఎఫ్ తెరుచుకోవాలన్నది కార్యవర్గం కోరిక. మొదట కంట్రోల్, కె మీటలు నొక్కి ఒక్కొక్కటీ చేతితో కలుపుతూ వచ్చాను. రెండు వారాల్లో ఆరు వందలు దాటలేదు. పైగా ఆ ఎక్సెల్ ఫైలును కార్యదర్శిగారి ల్యాప్‌టాప్‌లోకి మార్చినప్పుడు వాటిలో చాలావరకు పనిచేయలేదు. తరువాత హైపర్‌లింక్ ఫంక్షనుతో దారి తయారు చేయవచ్చని విని, ఫోల్డరు పేరుకు దస్తావేజు నంబరు కలిపి ఫార్ములా రాశాను. దస్తావేజు నంబరులోని ఏటవాలు గీత ఫైలు పేరులో కుదరదు కాబట్టి, స్కాన్ చేసినవారు దాని స్థానంలో అడ్డగీత పెట్టారు; నేనూ సబ్‌స్టిట్యూట్ ఫంక్షనుతో అలాగే మార్చాను.

చాలా వరుసలు పనిచేశాయి కానీ రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, కొన్ని వరుసల్లో తయారైన దారిలో నేను ఎక్కడా టైపు చేయని 34455 వంటి సంఖ్యలు కనిపిస్తున్నాయి. రెండు, ఏ హైపర్‌లింకు నిజంగా ఫైలును తెరుస్తుందో, ఏది తెరవదో 4,300 సార్లు నొక్కి చూస్తే తప్ప తెలియడం లేదు. దీనికి తగిన పద్ధతి ఏమిటో దయచేసి చెప్పగలరు.

పట్టికల పని (సమాధానం)

34455 సంగతి ముందు చూద్దాం. ఆ వరుసల్లో అసలు దస్తావేజు నంబరు 5/1994 అయి ఉండాలి. ఎక్సెల్ గడిలో 5/1994 అని టైపు చేస్తే అది దాన్ని 1994 మే నెలగా అర్థం చేసుకుని తేదీగా మార్చేస్తుంది. ఎక్సెల్ తేదీలను లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది కనుక 1994 మే 1వ తేదీకి 34455 అనే సంఖ్య వస్తుంది. గడిలో మాత్రం మే 94 అని కనిపిస్తూ ఉంటుంది. నంబరు 13 గానీ అంతకన్నా పెద్దది గానీ అయితే ఆ పేరుతో నెల లేదు కాబట్టి 13/1994 మామూలు అక్షరాలుగానే మిగిలిపోతుంది. అందువల్ల ఏడాది మొదట్లో రిజిస్టర్ అయిన 1 నుంచి 12 నంబర్ల దస్తావేజులకే ఈ తిప్పలు వస్తాయి.

పక్క నిలువు వరుసలో మంత్ ఫంక్షనుతో నెలను, ఇయర్ ఫంక్షనుతో సంవత్సరాన్ని తీసి మధ్యలో గీత పెట్టి కలిపితే పాత నంబరు తిరిగి వస్తుంది. అయితే సంవత్సరాన్ని రెండంకెలతో టైపు చేసిన చోట ఈ ఉపాయాన్ని నమ్మకండి. 5/12 అని కొడితే మన తేదీ అమరికలో అది టైపు చేసిన ఏడాది డిసెంబరు 5 అవుతుంది. అటువంటివాటిని కాగితం చూసే సరిచేయాలి. ఆ నిలువు వరుసను ముందుగా టెక్స్ట్ ఫార్మాటులోకి మార్చిన తరువాతే మళ్లీ టైపు చేయండి.

ఇక చేతితో కలిపిన హైపర్‌లింకులు కార్యదర్శిగారి ల్యాప్‌టాప్‌లో పనిచేయకపోవడానికి కారణం చెబుతాను. కంట్రోల్, కె ద్వారా పెట్టిన హైపర్‌లింకు గడికి అతికించిన వస్తువు. ఎక్సెల్ ఫైలును సేవ్ చేసే సమయంలో ఆ దారిని తన లెక్క ప్రకారం సవరించుకుంటుంది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయి, తిరిగి కోలుకున్న ప్రతిని సేవ్ చేసినప్పుడు ఆ దారులన్నీ యాప్‌డేటా ఫోల్డరు వైపు మళ్లిపోవడం చాలామందికి ఎదురైన అనుభవమే. పైగా ఒక షీటులో అటువంటివి 65,530 దాకా మాత్రమే ఉండగలవు. హైపర్‌లింక్ ఫంక్షను అలా కాదు. దారి అందులో మామూలు అక్షరాలుగా ఉంటుంది కనుక మీరు మార్చితే తప్ప మారదు.

మీరు ఆ ఫంక్షనులో డ్రైవు పేరు నుంచి మొదలయ్యే పూర్తి దారి ఇచ్చి ఉంటే దాన్ని తీసివేయండి. ఎక్సెల్ ఫైలునూ స్కాన్ ఫోల్డరునూ ఒకే పెద్ద ఫోల్డరులో పక్కపక్కన ఉంచి, ఫంక్షనులో స్కాన్ ఫోల్డరు పేరు నుంచి మాత్రమే దారి రాయండి. అప్పుడు ఎక్సెల్ తాను ఉన్న చోటు నుంచి వెతుక్కుంటుంది. పెద్ద ఫోల్డరును మొత్తంగా ఏ కంప్యూటరులోకి తీసుకువెళ్లినా పనిచేస్తుంది. ఎక్సెల్ ఫైలును ఒంటరిగా ఈమెయిల్‌లో పంపితే మాత్రం పనిచేయదని అందరికీ ముందే చెప్పి ఉంచండి.

జాబితా ముందు (సమాధానం)

పై సమాధానంలోని ప్రతి మాటా సరైనదే. అయినా దారిని ఊహించి తయారు చేసే పద్ధతితోనే నాకు పేచీ ఉంది. హైపర్‌లింక్ ఫంక్షను తనకిచ్చిన దారిలో ఫైలు ఉన్నదో లేదో నొక్కేదాకా చూడదు. ఒక ఫైలు ఉన్నదో లేదో చెప్పే ఫంక్షను ఎక్సెల్ షీటులో అసలు లేనేలేదు. అందువల్ల షీటు వైపు నుంచి ఫైలు పేరును ఊహించడం కన్నా, ఫోల్డరులో నిజంగా ఉన్న ఫైళ్ల జాబితాను ముందుగా షీటులోకి తెచ్చుకుని, మీ వరుసలను దానితో సరిచూడటం మంచిది. మీ రెండో చిక్కుకు ఇదే మందు.

డేటా ట్యాబులో గెట్ డేటా, అందులో ఫ్రమ్ ఫైల్, అందులో ఫ్రమ్ ఫోల్డర్ ఎంచుకుని స్కాన్ ఫోల్డరును చూపించండి. దీన్ని పవర్ క్వెరీ అంటారు. ఎక్సెల్ 2016 నుంచి ఇది విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కర లేకుండానే వస్తోంది. ఆ తరువాత కంబైన్ అనే బటన్ జోలికి వెళ్లకుండా ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కాలి, ఎందుకంటే మనకు కావలసింది ఫైళ్ల లోపలి విషయం కాదు, వాటి పేర్లు మాత్రమే. లోపలి ఫోల్డర్లతో సహా ప్రతి ఫైలుకూ పేరు, ఎక్స్‌టెన్షన్, మార్చిన తేదీ, ఫోల్డర్ పాత్ వరుసలుగా వస్తాయి. కంటెంట్ అనే నిలువు వరుసను తీసివేసి, పేరు నుంచి పీడీఎఫ్ అనే తోకను తొలగించి దస్తావేజు నంబరును విడదీయండి. ఫోల్డర్ పాత్‌లో మొదటి భాగాన్ని ఖాళీతో మార్చివేస్తే, పై మిత్రులు చెప్పిన చిన్న దారి దొరుకుతుంది.

ఇప్పుడు మీ షీటును కూడా పవర్ క్వెరీలోకి తీసుకుని మెర్జ్ చేయాలి, అంటే దస్తావేజు నంబరు ఆధారంగా రెండు జాబితాలను జతపరచాలి. లెఫ్ట్ ఔటర్ పద్ధతిలో ప్రతి వరుసకూ దాని ఫైలు జతపడుతుంది. అసలు ప్రయోజనం మాత్రం లెఫ్ట్ యాంటీ, రైట్ యాంటీ అనే మరి రెండు పద్ధతుల్లో ఉంది. మొదటిది షీటులో ఉండి ఫైలు లేని పత్రాలను, రెండోది ఫైలు ఉండి షీటులో నమోదు కాని పత్రాలను చూపిస్తుంది. ఈ రెండో జాబితాను చాలామంది తయారు చేయరు. స్థలం కాగితాల విషయంలో మాత్రం అది చాలా ముఖ్యం: మన దగ్గరే ఉన్న కాగితం లేదనుకుని సభ్యుణ్ణి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిప్పే పరిస్థితి దాని వల్లే తప్పుతుంది.

పవర్ క్వెరీ హైపర్‌లింకును నేరుగా తయారు చేయలేదు. అది దారిని అక్షరాలుగా మాత్రమే ఇస్తుంది. ఫలితం షీటులో పట్టికగా దిగిన తరువాత, దాని కుడి పక్కన హైపర్‌లింక్ ఫంక్షనుతో ఒక నిలువు వరుస చేరిస్తే, కొత్త ఫైళ్లు చేరి రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ ఫార్ములా కిందికి తనంతట తానే పాకుతుంది. ఆ ఫలితపు పట్టిక పక్కన చేతితో వ్యాఖ్యలు మాత్రం రాయకండి. రిఫ్రెష్‌లో వరుసల క్రమం మారితే ఒక ప్లాటు మీద రాసిన మాట మరొక ప్లాటు పక్కకు చేరుతుంది. వ్యాఖ్యలన్నీ మూల షీటులోనే ఉండాలి.

పాత దస్తావేజులు (సమాధానం)

నేను కంప్యూటర్ మనిషిని కాను; చాలా ఏళ్లు దస్తావేజుల రాతపనిలో ఉన్నాను. మీరంతా 1482/1994ను ఒకే పత్రానికి చెందిన నంబరుగా భావిస్తున్నారు. అది నిజం కాదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 51వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో వేర్వేరు పుస్తకాలు ఉంటాయి. స్థిరాస్తికి సంబంధించిన పత్రాలు 1వ పుస్తకంలోను, వీలునామాలు 3వ పుస్తకంలోను, స్థిరాస్తితో సంబంధం లేని ఇతర పత్రాలు 4వ పుస్తకంలోను నమోదవుతాయి. 53వ సెక్షను ప్రకారం ప్రతి పుస్తకానికీ విడిగా వరుస సంఖ్యలు నడుస్తాయి, ప్రతి సంవత్సరం ఆ వరుస మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందువల్ల ఒకే కార్యాలయంలో ఒకే ఏడాది ఒక సేల్ డీడుకూ ఒక వీలునామాకూ ఒకే నంబరు ఉండవచ్చు. ఇక కార్యాలయాలు వేరైతే చెప్పనక్కర లేదు. హయత్‌నగర్‌లో ఒక 1482/1994, సరూర్‌నగర్‌లో మరొక 1482/1994 ఉంటాయి. మీ సంఘంలో రెండు చోట్లా రిజిస్టర్ అయిన ప్లాట్లు ఉంటే, మీరు చెప్పిన పద్ధతిలో ఒకరి ప్లాటు మీద నొక్కితే మరొకరి దస్తావేజు తెరుచుకుంటుంది. తెరుచుకోని లింకు వల్ల ఆలస్యమే అవుతుంది. తప్పు కాగితం తెరుచుకుంటే దాన్ని చూసి ఎవరైనా అడ్వాన్సు ఇచ్చే ప్రమాదం ఉంది.

కాబట్టి ఫైలు పేరులోనూ షీటులోనూ కార్యాలయం, పుస్తకం, నంబరు, సంవత్సరం నాలుగూ ఉండాలి. కార్యాలయానికి మీరే రెండంకెల కోడు ఇచ్చుకోండి, నంబరును ఐదంకెలుగా ముందు సున్నాలతో రాయండి, సంవత్సరాన్ని నాలుగంకెలుగా రాయండి. ఆ లెక్కన మీ పత్రం 01-1-01482-1994 అవుతుంది. జిల్లా పేరును మాత్రం ఇందులో చేర్చకండి. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. అంతకు ముందటి లింకు డాక్యుమెంట్లలో హైదరాబాదు జిల్లా అని ఉంటుంది, కాబట్టి ఒకే స్థలపు కాగితాలు రెండు జిల్లాల కింద చీలిపోతాయి. నిజాం కాలపు ఉర్దూ కాగితాల్లో ఫసలీ (ఆనాటి రెవెన్యూ లెక్కల) సంవత్సరం ఉంటే, దానికి 590 కలిపిన క్రీస్తు శకం సంవత్సరాన్ని కోడులో పెట్టి, అసలు ఫసలీ అంకెను వేరే గడిలో అలాగే ఉంచండి. ఫసలీ సంవత్సరం జనవరితో మొదలు కాదు కనుక ఆ కూడిక వర్గీకరణకే తప్ప తేదీ నిర్ధారణకు పనికిరాదు.

జాబితా ముందు

పెద్దలు చెప్పినది నా సమాధానంలోని లోపాన్ని సరిగ్గా పట్టుకుంది. మెర్జ్ చేసేటప్పుడు ఒకే నంబరు రెండు ఫైళ్లకు ఉంటే వరుసలు రెట్టింపవుతాయి, ఆ పెరుగుదలను కొత్తవారు గమనించరు. మెర్జ్‌కు ముందు వరుసల సంఖ్యను, తరువాతి వరుసల సంఖ్యను తప్పక పోల్చి చూడండి.

సున్నాలతో ఐదంకెలు చేయడానికి టెక్స్ట్ ఫంక్షనులో ఐదు సున్నాల నమూనా ఇస్తే సరిపోతుంది. ఫైలు పేర్లలో నంబరు గుర్తుగా కొందరు పెట్టే # ను కూడా తీసివేయండి. ఎక్సెల్ దాని తరువాతి భాగాన్ని ఫైలు లోపలి స్థానంగా భావిస్తుంది కాబట్టి ఆ ఫైలు కళ్ల ముందే ఉన్నా హైపర్‌లింకు తెరుచుకోదు. 4,300 పేర్లను ఒకేసారి మార్చడానికి మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ అనువైనది. ఏ పేరు ఎలా మారుతుందో ముందే చూపిస్తుంది. పేర్లు మార్చే ముందు మొత్తం ఫోల్డరు ప్రతిని వేరే డిస్కులో దాచండి.

దస్త్రాల గది

అందరికీ కృతజ్ఞతలు. పదిరోజులు కూర్చుని మీరు చెప్పినట్లే చేశాను. తేదీలుగా మారిన గడులు 38 దొరికాయి. వాటిలో 5 రెండంకెల సంవత్సరంతో టైపు చేసినవి కాగా, కాగితాలు తీసి సరిచేశాను. పాత దస్తావేజులు గారి హెచ్చరిక అక్షరాలా నిజమైంది. హయత్‌నగర్, సరూర్‌నగర్ నంబర్లు కలిసిన జతలు నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి నేను చేతితో పెట్టిన పాత హైపర్‌లింకు తప్పు ఫైలుకే వెళ్తోంది.

మొదటి మెర్జ్‌లో ఫైలు లేని వరుసలు 412, వరుస లేని ఫైళ్లు 395 వచ్చాయి. ఎక్కువగా 1482-94 అని సంవత్సరాన్ని కుదించి పెట్టిన పేర్లే కారణం. అవన్నీ సరిచేయగా చాలామటుకు కుదిరాయి. ఇప్పుడు 61 పత్రాలు మాత్రం రెండు జాబితాల్లోనూ మొండిగా నిలిచాయి. అవి దస్తావేజు నంబరు లేని సంఘం కాగితాలు, అంటే కేటాయింపు పత్రాలు, తీర్మానాల నకళ్లు. వాటికి తెలుగులో పేర్లు పెట్టాము. షీటులోని పేరు, ఫైలు పేరు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా లేదు. అయినా మెర్జ్ వాటిని వేరు వేరుగానే చూస్తోంది. ఇది ఎందుకు జరుగుతోంది?

లిపి ఆసక్తి (సమాధానం)

కంటికి కనబడని అక్షరం ఒకటి వాటిలో ఉంటుంది. తెలుగులో హయత్‌నగర్ అని రాసేటప్పుడు త కింద న వత్తుగా దిగకుండా, పొల్లు పొల్లుగానే నిలవాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని గుర్తు పెట్టాలి. పదం మధ్యలో అది లేకపోతే రూపమే మారిపోతుంది కాబట్టి తెలుస్తుంది. కానీ కొన్ని కీబోర్డులు పొల్లు వచ్చిన ప్రతిచోటా, పదం చివర కూడా, దాన్ని పెట్టేస్తాయి. అప్పుడు ప్లాట్ అనే మాట గుర్తుతో ఉన్నా, లేకున్నా ఒకేలా కనిపిస్తుంది. విండోస్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. షీటులో టైపు చేసినవారు ఒక కీబోర్డునూ, స్కాన్ చేసినవారు మరొకదాన్నీ వాడి ఉంటారు.

లెన్ ఫంక్షనుతో రెండు పేర్ల పొడవు కొలిచి చూడండి. ఒకదానిలో ఒకటో రెండో ఎక్కువ వస్తే కారణం ఇదే. ఆ గుర్తు యూనికోడ్ సంఖ్య దశాంశంలో 8204. యూనికార్ ఫంక్షనుకు 8204 ఇచ్చి, దాన్ని సబ్‌స్టిట్యూట్‌తో ఖాళీగా మార్చితే శుభ్రమైన పేరు వస్తుంది. జాగ్రత్త ఒకటుంది: ఇలా శుభ్రం చేసిన పేరును సరిపోల్చడానికి మాత్రమే వాడాలి, హైపర్‌లింకు దారిలో పెట్టకూడదు. దారిలో ఫైలు అసలు పేరు, గుర్తుతో సహా, ఉన్నది ఉన్నట్లుగా ఉండాలి. ఫోల్డరు నుంచి తెచ్చిన జాబితా ఉంది కనుక ఆ అసలు పేరు మీ దగ్గర ఉన్నది.

అలా చేసినా కుదరనివి మిగిలితే ఐత్వం ఉన్న మాటలను చూడండి. సైదాబాద్ వంటి మాటలో ఐత్వం ఒకే గుర్తుగానూ నమోదు కావచ్చు, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ నమోదు కావచ్చు. తెర మీద రెండూ ఒకటే. మధ్యలో ఏదైనా మ్యాక్ కంప్యూటర్ ద్వారా ఫైళ్లు వచ్చి ఉంటే ఇది జరిగే అవకాశం ఉంది.

తెలుగు పేర్ల పొడవును కూడా గమనించండి. హైపర్‌లింక్ ఫంక్షను 255 అక్షరాలకు మించిన దారిని తీసుకోదు, విండోస్‌లో మామూలు దారి పరిమితి 260. దస్తావేజు అనే మాట మన కంటికి నాలుగు అక్షరాలే. కంప్యూటర్ దాన్ని గుణింతాలతో, పొల్లుతో కలిపి తొమ్మిదిగా లెక్కిస్తుంది. తెలుగు ఫోల్డరులో తెలుగు ఫోల్డరు, దానిలో పెద్ద తెలుగు పేరు పెట్టుకుంటూ పోతే ఆ హద్దు త్వరగానే వస్తుంది. నాకు తెలుగంటే ఎంతో ఇష్టం, అయినా ఫైలు పేర్లు అంకెల కోడులోనే ఉండి, తెలుగు పేరు షీటులో కనిపించడం మంచిదని నా అభిప్రాయం. హైపర్‌లింక్ ఫంక్షనులో రెండో భాగం అందుకే ఉంది: దారి ఏదైనా, గడిలో మీకు నచ్చిన తెలుగు మాట కనిపించేలా చేయవచ్చు.

కోఠి పాఠకుడు (సమాధానం)

ఇవన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెడితే కార్యవర్గ సభ్యులు ఇంటి నుంచి కూడా చూడవచ్చు కదా? అక్కడ ప్రతి ఫైలుకూ ఒక స్థిరమైన గుర్తింపు ఉంటుంది కాబట్టి, డ్రైవ్‌లోనే ఫైలు పేరు మార్చినా, ఫోల్డరు మార్చినా లింకు తెగదు.

పట్టికల పని

ఆ సౌకర్యం నిజమే. అయితే ఆ గుర్తింపులను షీటులోకి తెచ్చుకోవడానికి యాప్స్ స్క్రిప్ట్ (గూగుల్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రాం) రాయాలి. సాధారణంగా ఒక్కో విడత ఆరు నిమిషాలకు మించి నడవదు కనుక, 4,300 ఫైళ్లను ఫోల్డర్ల వారీగా విడగొట్టి నడపవలసి రావచ్చు. అది చేయవచ్చు. నా ఆందోళన వేరు. సేల్ డీడుల్లో కొనుగోలుదారుల ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు, చాలావాటిలో పాన్ నంబర్లు ఉంటాయి. లింకు ఉన్నవారందరికీ తెరుచుకునేలా అనుమతి ఇస్తే, ఒక్క వాట్సాప్ సందేశంతో 640 కుటుంబాల పత్రాలు బయటికి పోతాయి. పెట్టదలిస్తే కార్యవర్గ సభ్యుల ఖాతాలకు విడివిడిగా మాత్రమే అనుమతి ఇవ్వండి.

దస్త్రాల గది

లిపి ఆసక్తి గారు చెప్పినదే కారణం. 61లో 57 పేర్లు ఆ కనబడని గుర్తు తీసివేయగానే కుదిరాయి. మిగిలిన నాలుగూ ఐత్వం ఉన్నవే. ఇకపై సంఘం కాగితాలకు కూడా అంకెల కోడే పెట్టాలని నిర్ణయించుకున్నాము. డ్రైవ్ విషయాన్ని కార్యవర్గం ముందు ఉంచాను; ప్రస్తుతానికి కార్యాలయంలోని కంప్యూటర్, ఒక బయటి డిస్కు మాత్రమే చాలని అన్నారు.

ఈరోజు చివరిసారి రిఫ్రెష్ చేస్తే ఫైలు లేని వరుసలు 23, వరుస లేని ఫైళ్లు 6 మిగిలాయి. ఆ ఆరూ పక్క లేఅవుట్‌వారి కాగితాలు. మా సంచుల్లో ఎలా కలిశాయో కనుక్కుని తిరిగి ఇచ్చేస్తాము. 23 పత్రాలు మా దగ్గర నిజంగానే లేవు. ఇన్నేళ్లూ అవి ఏదో ఒక సంచిలో ఉన్నాయనే అనుకుంటూ వచ్చాము. ఆ ప్లాట్ల యజమానులకు నిన్న ఉత్తరాలు రాశాను. అసలు పత్రం వారి దగ్గర ఉంటే స్కాన్‌కు తెమ్మని, లేకపోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు చేయమని కోరుతూ, ప్రతి ఉత్తరంలోనూ కార్యాలయం పేరు, పుస్తకం, నంబరు, సంవత్సరం నాలుగూ రాసి పంపాను.